రాయి పేరు అడిగే ముందు: ఖతార్‌లో ఏరిన రాయిని పోల్చుకోవడం ఎలా?

శుక్రవారం ఎడారికి వెళ్లొచ్చిన కారు డిక్కీలో ఏదో ఒక రాయి ఉండనే ఉంటుంది. పిల్లలు ఏరిందో, పొయ్యికి అడ్డం పెట్టబోతే బరువుగా తోచిందో. ఆదివారం డ్యూటీకి వెళ్లేలోగా దాని ఫొటో తెలిసినవాళ్లందరి ఫోన్లకూ చేరిపోతుంది. నల్లగా ఉంటే ఉల్క, తెల్లగా మెరిస్తే వజ్రం, గుండ్రంగా ఉంటే డైనోసార్ గుడ్డు. అడిగేవాళ్ల ఆశలు ఎప్పుడూ ఈ మూడే.

రాళ్లు పోగేసే అలవాటున్నవాళ్లు ఆ ఫొటో చూసి వెంటనే పేరు చెప్పరు. ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఎక్కడ దొరికింది? బండలో భాగంగా ఉందా, విడిగా పడి ఉందా? గోరుతో గీస్తే గీత పడిందా? కొత్తవాళ్లకు ఇది బెట్టు చేస్తున్నట్టు అనిపిస్తుంది. నిజానికి టేబుల్ మీద పెట్టి తీసిన ఒక్క ఫొటో చూసి రాయి పేరు చెప్పడం ఎవరి తరమూ కాదు. చెప్పేవాళ్లుంటే వాళ్ల మాట నమ్మకపోవడమే మంచిది. ఆ ఎదురు ప్రశ్నలకు జవాబులు మీరే ముందుగా సిద్ధం చేసుకుంటే చాలాసార్లు అడగాల్సిన అవసరమే రాదు. వచ్చినా, జవాబు గట్టిగా దొరుకుతుంది.

మొదటి మెట్టు: రాయి కంటే ముందు చోటు

మనవాళ్ల కళ్లు గ్రానైట్‌కు అలవాటు పడ్డవి. హైదరాబాద్‌లో ఎటు చూసినా 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుండ్లే కదా. ఖతార్‌లో ఆ అలవాటు పనికిరాదు. ఈ ద్వీపకల్పంలో నేల మీద కనిపించేదంతా దాదాపుగా సముద్రం అడుగునా, తీరాన ఉప్పు మడుగుల్లోనూ పేరుకున్న రాయి. సున్నపురాయి, దానికి దగ్గరి చుట్టం డోలమైట్, మధ్యమధ్య మార్ల్ (సున్నం కలిసిన బంకమన్ను రాయి), జిప్సం. ఎక్కువ భాగం ఐదు కోట్ల ఏళ్ల నాటిది, అటూ ఇటుగా. పడమటా దక్షిణానా దాని మీద కూర్చున్న పొరలు ఇంకా చిన్నవి, రెండు కోట్ల ఏళ్ల చుట్టుపక్కలవి. మరీ పాత రాళ్లు చూడాలంటే సముద్రంలో హాలూల్ లాంటి దీవులకు పోవాలి. అక్కడ భూమి లోతుల్లోంచి ఉబికి వచ్చిన ఉప్పు తనతో పాటు వాటిని పైకి మోసుకొచ్చింది. హాలూల్ చమురు నిల్వ చేసే దీవి, సరదాగా చూసొచ్చే చోటు కాదు.

కాబట్టి చేతిలో ఉన్నది సున్నపురాయేనని మొదటే అనుకోండి. కాదని రుజువైతే అప్పుడు వేరే ఆలోచన. తాండూరు బండ, బేతంచర్ల బండ, కడప నల్లబండ, చిన్నప్పుడు మనం నడిచిన ఆ నాపరాళ్లూ సున్నపురాళ్లే. వాటికి కోట్ల ఏళ్ల ఒత్తిడితో గట్టిదనం వచ్చింది. ఖతార్‌వి వాటి ముందు పసివి. అందుకే గుల్లగా, గవ్వల అచ్చులతో, పాలిపోయిన రంగులో ఉంటాయి.

ఇక చోటును బట్టి ఊహ మారుతుంది. దుఖాన్ వైపు పసుపు గోధుమ రంగులో, కాగితాల దొంతరలా రేకులు రేకులుగా విడిపోయే మెత్తని రాయి కనిపిస్తే అది మిడ్రా షేల్. అందులో సొరచేప పళ్లు దొరుకుతాయి. అక్కడే సున్నపురాతిలో బిళ్లల్లాంటివి గుంపులుగా కనిపిస్తే అవి నమ్ములైట్లు, ఒకే కణంతో బతికిన సముద్ర జీవుల గుల్లలు. ఈజిప్టు పిరమిడ్ల రాళ్లలోనూ ఇవి ఉన్నాయి. పిరమిడ్లు కట్టిన కూలీలు తినగా మిగిలిన పప్పులే రాయిగా మారాయని అక్కడి జనం చెప్పుకునేవారని గ్రీకు రచయిత స్ట్రాబో రెండు వేల ఏళ్ల కిందటే రాశాడు. తెలియని రాయికి కథ అల్లడం మనతో మొదలు కాలేదు.

జెక్రీత్ దగ్గర గాలికి అరిగి గొడుగుల్లా నిలబడ్డ తెల్లని దిబ్బల్లో మార్ల్, సున్నపురాయి, జిప్సం పొరలు పొరలుగా ఉంటాయి. దక్షిణాన సల్వా వైపు నున్నని గులకరాళ్లు పరుచుకున్న చోట్లు తగులుతాయి. వాటిలో తెల్లని పలుగురాళ్లు ఉంటాయి, ఎర్రవీ నల్లవీ ఉంటాయి. ఖతార్‌లో పుట్టని ఈ రాళ్లను ఒకప్పుడు అరేబియా నడిబొడ్డు నుంచి పారిన నదులు మోసుకొచ్చాయి. ఆ గులక పొరను హోఫూఫ్ ఫార్మేషన్ అంటారు. మీకు వజ్రంలా కనిపించింది అక్కడే దొరికితే అది పలుగురాయి. సౌదీలో ఖైసూమా వజ్రాలని సానబట్టి అమ్మేవీ పలుగురాళ్లే.

ఉప్పునేలల్లో, అంటే సబ్ఖాల్లో, రేకులు విచ్చుకున్న పువ్వులా కనిపించేది ఎడారి గులాబీ. నేలలోని ఉప్పునీరు ఆవిరయ్యేటప్పుడు జిప్సం స్ఫటికాలు ఇసుకను తమలో ఇముడ్చుకుంటూ పెరుగుతాయి. ఫ్రెంచి వాస్తుశిల్పి ఝాన్ నూవెల్ దోహాలో కట్టిన నేషనల్ మ్యూజియానికి ఆ ఆకారమే ఆధారం. 2019లో తెరిచారు. ఎడారి గులాబీని గుర్తుపట్టడానికి ఎవరినీ అడగక్కర్లేదు, ఎయిర్‌పోర్ట్ రోడ్డున వెళ్తూ ఆ భవనాన్ని చూసినవాళ్లందరికీ తెలుసు.

ఇప్పుడు అసలు మెలిక. దోహాలో, రోడ్ల పక్కన, కొత్త విల్లాల చుట్టూ, పార్కింగుల్లో ఏరిన రాయి ఖతార్ రాయి అయ్యే అవకాశం తక్కువ. ఇక్కడి సున్నపురాయి మెత్తన, తారు రోడ్లకూ గట్టి కాంక్రీటుకూ ఆగదు. అందుకని ఎమిరేట్స్ నుంచీ ఒమాన్ నుంచీ గాబ్రో అనే గట్టి రాతి కంకరను ఓడల్లో తెప్పిస్తారు. నల్లగా, ఆకుపచ్చ ఛాయతో, చేతికి బరువుగా, కోసుగా విరిగిన అంచులతో ఉంటుంది. ఉల్క అని చూపించే రాళ్లలో ఎక్కువ భాగం ఈ కంకరే. దీనికి తోడు మనవాళ్ల సరుకొకటి ఉంది. రాళ్లు కోసే షాపుల వెనక, కూల్చిన ఇళ్ల చెత్తలో, ఒక పక్క అద్దంలా నునుపు తీసిన నల్లరాయిలో బంగారు చుక్కలు మెరుస్తుంటే సంబరపడకండి. అది ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చిన బ్లాక్ గెలాక్సీ. ఆ చుక్కలు బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. పైగా దాన్ని ప్రపంచమంతా గ్రానైట్ అని కొంటుంది గానీ అది గ్రానైట్ కానే కాదు, గాబ్రో కుటుంబానిది.

తీసుకోకూడనివి

చెకుముకి రాయి గురించి మాత్రం కొంచెం ఆగి వినాలి. గోధుమ రంగులో, పెంకులా పగిలి, అంచులు బ్లేడులా ఉన్న రాయి దొరికి, ఆ అంచు వెంట చిన్న చిన్న పెచ్చులు వరసగా ఊడదీసినట్టు కనిపిస్తే, అది మనిషి చేసిన పనిముట్టు కావచ్చు. బాణపు మొన కావచ్చు. అలాంటిదాన్ని కదపకుండా ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టుకుని, ఖతార్ మ్యూజియమ్స్‌కు తెలియజేయాలి. పురావస్తువులకు ఇక్కడ 1980 నుంచీ చట్టం ఉంది.

చట్టం కోసమే అనుకోకండి. 1956 నుంచి ఇక్కడ తిరిగిన డేనిష్ పురావస్తు బృందం నేల మీద వేల పనిముట్లు ఏరింది. హోల్గర్ కాపెల్ వాటిని ఎ, బి, సి, డి అని నాలుగు గుంపులు చేసి 1967లో అట్లాస్ వేశాడు. మొరటుగా ఉన్నాయి కాబట్టి ఎ గుంపు అన్నిటికంటే పాతదనుకున్నారు. 1970ల చివర్లో ఫ్రెంచి బృందం అల్ ఖోర్ దగ్గర పొరలు పొరలుగా తవ్వితే, ఎ గుంపు పనిముట్లు కుండలు వాడిన కాలానివని, చాలా ఆలస్యంగా వచ్చినవని తేలింది. పైపైన ఏరిన రాళ్లను ఆకారం చూసి వరస పెడితే పండితులకే తప్పింది. అందుకే చోటు గురించి ఇంత చాదస్తం.

జెక్రీత్, రస్ అబ్రూక్ ప్రాంతం అల్ రీమ్ రిజర్వులోకి వస్తుంది. అక్కడ కళ్లతో చూడటం, ఫొటో తీయడం వరకే. పగడపు ముక్కలు ఇండియాకు తీసుకెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి, అంతర్జాతీయ ఒప్పందం కింద వాటి మీద ఆంక్షలున్నాయి. దుఖాన్‌లో చమురు కంపెనీల కంచెల దగ్గర రాళ్ల కోసం వంగి వెతకడం, ఫొటోలు తీయడం కొరివితో తల గోక్కోవడమే. సబ్ఖా మీద బండి నడపకండి. పైన గట్టిగా కనిపిస్తుంది, లోపల బురద.

రెండో మెట్టు: వంటింట్లో పరీక్షలు

కావలసినవి: పాత టూత్‌బ్రష్, స్టీలు చాకు, ఖాళీ గాజు సీసా, తెల్ల వెనిగర్, అయస్కాంతం, బాత్రూం టైలు ముక్క, దారం, గ్రాములు చూపించే వంటింటి కాటా. ఒకటి రెండు వస్తువులు తప్ప అన్నీ ఇంట్లోవే.

ముందు రాయిని కడగండి. ఇది శుభ్రత కోసం చెప్పడం లేదు. ఖతార్ దుమ్ములో సున్నం పాలు ఎక్కువ. కడగని రాయి మీద వెనిగర్ చుక్క వేస్తే, రాయి ఏదైనా సరే, పైనున్న దుమ్మే బుసబుసమంటుంది. గాబ్రోను సున్నపురాయి అని నిర్ధారించినవాళ్లు ఉన్నారు. అందుకని బ్రష్‌తో తోమి, ఆరబెట్టి, ఒక మూల చాకుతో గీకి, తాజా రాయి బయటపడ్డ చోట చుక్క వేయాలి. ఒక్క హెచ్చరిక: కడిగితే కరిగిపోతున్నట్టుంటే అది రాతి ఉప్పు, అక్కడితో ఆపేయండి.

సున్నపురాయి మీద వెనిగర్ సన్నని బుడగలు లేపుతుంది. నెమ్మదిగా లేస్తాయి, చెవి దగ్గర పెడితే చిటచిట వినిపిస్తుంది. డోలమైట్ ఊరుకుంటుంది, పొడి చేసి వేసినా ఏదో కొద్దిగా కదలిక. జిప్సం అసలు స్పందించదు. అనుభవమున్నవాళ్లు పలుచని హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వాడతారు. మొదలుపెట్టేవాళ్లకు, అందులోనూ పిల్లలున్న ఇంట్లో, అది వద్దు.

తర్వాత గట్టిదనం. 1812లో ఫ్రీడ్రిష్ మోస్ వేసిన ఒకటి నుంచి పది మెట్ల కొలమానాన్నే ఇప్పటికీ వాడుతున్నాం. గోరు రెండున్నర దగ్గర, చాకూ గాజూ ఐదున్నర దగ్గర, పలుగురాయి ఏడు దగ్గర. గోరుతో గీత పడితే జిప్సం. గోరుకు లొంగక చాకుకు లొంగితే సున్నపురాయో డోలమైటో. రాయే గాజు సీసాను గీస్తే పలుగురాయి, చెకుముకి రాయి లాంటివి. గీసిన చోట తడి వేలితో తుడిచి చూడటం మరవకండి. చాలాసార్లు గీత అనుకున్నది చాకు అరిగి అంటుకున్న లోహపు చార, తుడిస్తే పోతుంది.

టైలు ముక్క వెనకవైపు గరుకుగా ఉంటుంది, దాని మీద రాయిని బలపంలా రాయండి. ఇనుప ఖనిజాల్లో హెమటైట్ ఎర్ర గోధుమ రంగు చార వదులుతుంది, మాగ్నటైట్ నల్ల చార. అయస్కాంతాన్ని దారానికి వేలాడదీసి రాయి దగ్గరికి తెస్తే కొద్దిపాటి ఆకర్షణ కూడా తెలుస్తుంది. కానీ అయస్కాంతం ఊగినంత మాత్రాన ఉల్క కాదు, గాబ్రోలోనూ కొంత మాగ్నటైట్ ఉండొచ్చు.

అన్నిటికంటే పనికొచ్చేది, అందరూ వదిలేసేది, సాంద్రత. కాటా మీద రాయి పెట్టి బరువు రాసుకోండి. 243 గ్రాములు అనుకుందాం. ఇప్పుడు రాయి తీసేసి, గిన్నెలో నీళ్లు పోసి కాటా మీద పెట్టి, సున్నా నొక్కండి. రాయికి దారం కట్టి, నీళ్లలో పూర్తిగా మునిగేలా దించండి; అడుగు తాకకూడదు, అంచు తాకకూడదు, దారం మీ చేతిలోనే ఉండాలి. కాటా ఒక అంకె చూపిస్తుంది. 90 అనుకోండి. 243ని 90తో భాగిస్తే 2.7. అదీ సాంద్రత.

పలుగురాయికి 2.65, సున్నపురాతిలోని కాల్సైట్‌కు 2.71, డోలమైట్‌కు 2.85 దాకా, జిప్సంకు 2.3, గాబ్రోకు దాదాపు 3. రాతి ఉల్కలు సాధారణంగా 3.3 నుంచి 3.7 మధ్య, ఇనుప ఉల్కలు 7 పైన. కాబట్టి మీ ఉల్క 2.9 చూపిస్తే ఆ ఆశ దాదాపుగా వదులుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. గుల్లరాయి అయితే నీళ్లలో బుడగలు రావడం ఆగేదాకా ఉంచి, అప్పుడు కొలవాలి, లేకపోతే అంకె తక్కువ వస్తుంది.

మూడో మెట్టు: ఫొటో, నోటు

ఫొటో ఉదయం పూట నీడలో తీయండి, ఫ్లాష్ వద్దు. పక్కన ఒక 50 దిర్హమ్ నాణెం పెట్టండి, పరిమాణం తెలుస్తుంది. చేతిలో పట్టుకుని తీస్తే చేయి చిన్నదో పెద్దదో ఎవరికి తెలుసు? పొడిగా ఒకటి, తడిపి ఒకటి, విరిగిన తాజా ముఖం దగ్గరగా ఒకటి. రాయి దొరికిన చోటును దూరం నుంచి తీసిన ఫొటో వీటన్నిటికంటే విలువైనది, అది మాత్రం ఎవరూ తీయరు.

నోటులో చోటు, తేదీ, బరువు, సాంద్రత, గోరుకూ చాకుకూ వెనిగర్‌కూ ఏమైందో రాయండి. మీ ఊహ మాత్రం రాయకండి. ‘ఇది ఉల్క అనుకుంటున్నా’ అని మొదలుపెడితే, చూసేవాళ్లు ఉల్క అవునా కాదా అనే చూస్తారు. మూడో అవకాశం వాళ్ల కంటికి ఆనదు.

నాలుగో మెట్టు: అడగడం, వినడం

ఖతార్‌లో ఈ సరదా కొత్తది కాదు. ఖతార్ నేచురల్ హిస్టరీ గ్రూప్ 1978లో మొదలైంది. ఉపన్యాసాలూ ఎడారి నడకలూ పెడుతూ వచ్చింది, మొక్కలు, పక్షులు, రాళ్లు, శిథిలాలు అన్నీ వాళ్లకు ఇష్టమే. ఇక మన తెలుగువాళ్లలో చమురు బావుల దగ్గరా, సిమెంటు పనుల్లోనూ, సాయిల్ టెస్టింగ్ ల్యాబుల్లోనూ పనిచేసేవాళ్లకు కొదవ లేదు. సాయిల్ టెస్టింగ్ ల్యాబు కుర్రాడు రోజూ చూసే బోరు ముక్కలే ఈ దేశపు పొరలు. సంక్రాంతి సంబరాల్లో పక్కన కూర్చున్న అలాంటివాడు దొరికితే వదలకండి. నాలుగు పుస్తకాలు చదివినదాని కంటే ఎక్కువ తెలుస్తుంది.

మాట ఎలా నడుస్తుందంటే:

"అన్నా, ఇది చూడు, ఉల్కేనేమో. అయస్కాంతానికి అంటుకుంటోంది."

"ఎక్కడ దొరికింది తమ్ముడూ?"

"మెసాయీద్ నుంచి వస్తుంటే, రోడ్డు పక్కన."

"పగిలిన చోట చిన్న చిన్న బొక్కలున్నాయా?"

"ఉన్నాయన్నా, చాలా ఉన్నాయి."

"అయితే అది కొలిమిలోంచి పడ్డది, ఆకాశంలోంచి కాదు."

మెసాయీద్‌లో 1978 నుంచి ఉక్కు తయారవుతోంది. కొలిమిలో మిగిలే చిట్టెం నల్లగా, బరువుగా, బుడగల గుర్తులతో ఉంటుంది, దాన్ని కంకరగా కూడా వాడతారు. ఉల్కల్లో ఆ బుడగలు దాదాపు ఉండవు. చూశారా, ఆ అన్న రాయిని ముట్టుకోకుండానే తేల్చాడు. చోటు అడిగాడు, ఒక్క గుర్తు అడిగాడు, అంతే. అలా అడిగేవాడి దగ్గరికే రెండోసారి వెళ్లండి. చూడగానే పేరు చెప్పేవాడి దగ్గర కూర్చుని టీ తాగొచ్చు, రాయి చూపించక్కర్లేదు.

ఇద్దరు రెండు పేర్లు చెబితే వాళ్లను పోట్లాటకు దింపకండి. ఇద్దరినీ ఒకే మాట అడగండి: "నేనింట్లో ఏం చేస్తే ఈ రెంటిలో ఒకటి కాదని తేలుతుంది?" సున్నపురాయా డోలమైటా అన్నప్పుడు జవాబు సాంద్రతలోనూ పొడి మీద వేసిన వెనిగర్ చుక్కలోనూ ఉంటుంది. ఏ పరీక్షా చెప్పలేనివాడి మాటను పక్కన పెట్టండి. ‘ఫొటోలో తెలియదు, తెచ్చి చూపించు’ అన్నవాడిని పొగరనుకోకండి, అంతకంటే నిజాయితీ జవాబు లేదు. ఫోన్‌లో రాళ్ల పేర్లు చెప్పే యాప్‌లు కూడా వచ్చాయి. అవి రంగునూ ఆకారాన్నీ చూస్తాయి తప్ప గోరు పెట్టి గీయలేవు, బరువు చూడలేవు.

ఎముకలాంటిది దొరికితే మాత్రం తోటి అభిరుచిపరులతో ఆగకూడదు. ఖతార్ నైరుతిలో అల్ మజ్హబియా అనే చోట 1970ల్లో చమురు, ఖనిజాల సర్వేకు వెళ్లిన భూగర్భ శాస్త్రవేత్తలు బోలెడన్ని ఎముకలు చూసి సరీసృపాలవనుకున్నారు. 2000 తర్వాత శిలాజాల నిపుణులు వెళ్లి చూస్తే అవన్నీ సముద్రపు ఆవులవి, అంటే ఇప్పటికీ ఖతార్ నీళ్లలో తిరిగే డుగాంగుల పూర్వ బంధువులవి. 2025లో ఒక జాతికి సల్వాసైరెన్ ఖతరెన్సిస్ అని పేరు పెట్టారు. రెండు కోట్ల పది లక్షల ఏళ్ల నాటిది. రాళ్లు తెలిసినవాళ్లకు ఎముకలు తెలియాలని లేదు. మీకు దొరికినా అక్కడే వదిలేసి మ్యూజియమ్స్‌కు చెప్పడమే పద్ధతి.

సెలవుల్లో ఊరికి వెళ్లినప్పుడు హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయం కూడా గుర్తుంచుకోండి. 1851లో పుట్టిన సంస్థ అది. చీమకుర్తి రాయో, తాండూరు బండో పక్కన పెట్టి పోల్చుకోవాలంటే అంతకంటే తగిన చోటు లేదు. లగేజీ బరువుకు పరిమితి ఉంటుంది కాబట్టి ఖతార్ నుంచి మోసే రాయి గోళీకాయంత ఉంటే చాలు.

చివరగా చీటీ

పేరు తేలినా తేలకపోయినా రాయి మీద ఒక మూల తెల్ల కరెక్షన్ ఫ్లూయిడ్ చుక్క పెట్టి, ఆరాక దాని మీద సన్నని పెన్నుతో నంబరు వేయండి. నోటుపుస్తకంలో ఆ నంబరు ఎదురుగా చోటు, తేదీ, పరీక్షలు, ఎవరేం చెప్పారో రాయండి. పేరును పెన్సిల్‌తోనే రాయండి, మారవచ్చు. చోటును మాత్రం పెన్నుతో. జిప్సంనూ ఎడారి గులాబీనీ మళ్లీ మళ్లీ కడగకండి, నీటికి కొద్దికొద్దిగా కరుగుతాయి; మెత్తని బ్రష్‌తో దులిపి అట్టపెట్టెలో పత్తి మీద ఉంచండి. పలుగురాళ్లను వాటితో కలిపి ఒకే పెట్టెలో వేస్తే, ఇల్లు మారేటప్పుడు పెట్టె కుదిపిన ప్రతిసారీ అవి వీటిని గీసేస్తాయి.